మంచుకొండల్లో అదను – పదును

తెలుగు రైతుకు వాన అంటే ఒక్కటే వాన కాదు. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి – కురిసే తీరును బట్టి ఒక్కొక్క వానకు ఒక్కొక్క పేరు ఉంది. నేలకూ అంతే. రేగడి, చెలక, గరప, చౌడు అని మట్టి గుణాన్ని బట్టి పేర్లు పెట్టుకున్నాడు. మంచు విషయానికి వస్తే మాత్రం మన భాషలో దాదాపు ఒకే మాటతో పని గడిచిపోతుంది. తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచే నీటిబొట్టూ మంచే. దారి కనపడకుండా కమ్ముకునే తెల్లని పొగ వంటిదీ మంచే. హిమాలయాల మీద పేరుకొన్న గడ్డా మంచే. మన ఊళ్లలో నెలల తరబడి నేలను కప్పి ఉంచే మంచు కురవదు. కనుక అంతకు మించి మాటలతో అవసరం రాలేదు.

మంచు కురిసే దేశాలవారి సంగతి వేరు. పిండిలా ఎగిరే కొత్త మంచు, గాలికి గట్టిపడిన మంచు, పైన అప్పడంలా పెళుసుగా ఉండి లోపల గుల్లగా ఉన్న మంచు, కల్లుప్పులా గింజకట్టిన మంచు – ఇలా వారు ఎన్నో రకాలను గుర్తిస్తారు. అడుగు వేసే ముందు ఆ మంచు ఏ రకమో తెలుసుకోవడం వారికి ప్రాణావసరం.

మన వ్యవసాయంలో 'అదను', 'పదును' అనే రెండు మాటలు ఉన్నాయి. అదను అంటే పనికి తగిన సమయం. పదును అంటే విత్తడానికి తగినంత తేమ నేలలో ఉండడం. నేల మరీ ఎండినా, మరీ తడిసినా విత్తనం వేయరు. సరిగ్గా ఆ రెండింటికీ నడుమనున్న స్థితి కోసం రైతు ఎదురుచూస్తాడు. వసంతకాలంలో మంచుకొండలెక్కి దిగే పర్యటకులు కూడా ఇలాంటి అదను కోసమే చూస్తారు. మంచుకూ ఒక పదును ఉంది. అయితే అది రోజుకు కొద్ది గంటలు మాత్రమే నిలుస్తుంది.

మంచుపై జారుతూ పోవడానికి పాదాలకు తగిలించుకునే పొడవాటి, సన్నని పలకలను స్కీలు అంటారు. వట్టి కాళ్లతో మెత్తని మంచులో నడిస్తే మోకాటి లోతు, ఒక్కోసారి నడుము లోతు దిగబడిపోతాము. బురదపొలంలో చెక్కపలక పరచి దాని మీద నిలబడితే కాలు దిగబడదు గదా! మన బరువు పలక అంతటా పంచుకుపోవడమే దానికి కారణం. స్కీలు చేసే పని కూడా అదే. పైగా అవి జారుతాయి.

స్కీలతో ఆడే ఆట రెండు విధాలు. మొదటిది, యంత్రాల సాయంతో కొండపైకి చేరి, చదును చేసి ఉంచిన వాలుపై జారి రావడం. అక్కడ కాపలాదారులు ఉంటారు, హద్దులు గుర్తించి ఉంటాయి, ప్రమాదం ఉన్నచోట తాడు కట్టి ఉంటుంది. రెండవది, నలుగురైదుగురు మిత్రులు కలిసి, ఏ యంత్రమూ లేని కొండల్లోకి తమ కాళ్లతో తామే ఎక్కి, అవతలి లోయలోకి జారి దిగడం. దీనిని స్కీ పర్యటన అనవచ్చు. ఇక్కడ హద్దులు గుర్తించేవారు లేరు, తాడు కట్టేవారు లేరు. ప్రమాదాన్ని తామే పసిగట్టాలి, తామే తప్పుకోవాలి.

జారే పలకలతో కొండ ఎక్కడం ఎలా అన్న సందేహం సహజంగా కలుగుతుంది. అందుకు ఒక తెలివైన ఉపాయం ఉంది. పిల్లి వీపును తల నుంచి తోక వైపు నిమిరితే చేయి నున్నగా జారిపోతుంది. తోక నుంచి తల వైపు నిమిరితే రోమాలు లేచి చేతికి అడ్డుపడతాయి. స్కీ అడుగుభాగానికి ఇలాంటి రోమాలున్న పట్టీని అంటిస్తారు. పలకను ముందుకు తోసినప్పుడు రోమాలు పడుకుంటాయి. వెనక్కు జారబోతే అవి లేచి మంచును పట్టుకుంటాయి. పూర్వం సీల్ అనే సముద్రజంతువు చర్మాన్ని ఇందుకు వాడేవారు. ఇప్పుడు అంగోరా మేక వెంట్రుకలతోనో నైలానుతోనో ఈ పట్టీలు తయారవుతున్నాయి. ఎక్కేటప్పుడు బూటు మడమ పలక నుంచి విడివడి లేస్తుంది. అందువల్ల నడక సాధ్యమవుతుంది. శిఖరం చేరాక పట్టీలు ఊడదీసి, మడమను కూడా బిగించి, జారుతూ దిగుతారు.

స్కీలు ఇటీవలి వస్తువులు కావు. నార్వేలోని శిలలపై స్కీలు తొడుక్కున్న మనిషి బొమ్మలు వేల సంవత్సరాల కిందటివి దొరికాయి. ఉత్తర దేశాల ప్రజలు వేటకూ, ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోవడానికీ వీటిని వాడారు. 1888లో నార్వే సాహసికుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ తన బృందంతో గ్రీన్‌లాండ్ మంచు ఎడారిని స్కీలపై దాటడంతో ఈ పలకల పేరు ఐరోపా అంతటా మారుమోగింది.

అప్పటికి స్విట్జర్లాండులోని కొండ ప్రజలకు స్కీలు కొత్త. దావోస్ అనే ఊళ్లో తోబియాస్, యోహానెస్ బ్రాంగర్ అనే అన్నదమ్ములు స్కీలు తెప్పించుకొని సాధన మొదలుపెట్టారు. ఊరివారు చూసి నవ్వుతారని వారు చీకటి పడ్డాక నేర్చుకునేవారని చెబుతారు. 1893లో వారు కొండ దాటి అవతల ఉన్న అరోసా గ్రామం చేరారు. మరుసటి ఏడు, 1894 మార్చి 23న, మరొక వ్యక్తిని వెంటబెట్టుకొని అదే దారిలో బయలుదేరారు. ఆయన షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆంగ్ల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్. భార్య క్షయవ్యాధి చికిత్స కోసం ఆయన ఆ రోజుల్లో దావోస్‌లో ఉండేవాడు.

ముగ్గురూ తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికి ముందే అరోసా చేరుకున్నారు. దారిలో నిటారైన వాలు ఒకటి అడ్డు వచ్చింది. అన్నదమ్ములు తమ స్కీలను జతగా కట్టి, బల్లలా చేసుకొని, దాని మీద కూర్చుని జారారు. కానన్ డాయిల్ స్కీలు మాత్రం ఆయనను వదిలి ముందే కిందికి దూసుకుపోయాయి. ఆ పెద్దమనిషి తన ట్రౌజర్లతోనే వాలు దిగవలసి వచ్చింది. ఈ ముచ్చట్లన్నీ ఆయన ఒక పత్రికలో హాస్యంగా రాశాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో స్కీల కోసం వందలాది ఆంగ్లేయులు స్విట్జర్లాండుకు వచ్చే రోజు వస్తుందని కూడా అందులో ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. ఈనాడు ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది ఆ కొండలకు వస్తున్నారు.

అలా వచ్చేవారిని ఎక్కువగా ఆకర్షించే దారి ఒకటుంది. ఫ్రాన్సులోని షామొనీ పట్టణం ఆల్ప్స్ పర్వతాలలో కెల్లా ఎత్తైన మాంట్ బ్లాంక్ పాదాల వద్ద ఉంది. స్విట్జర్లాండులోని జెర్మాట్ గ్రామం 4,478 మీటర్ల ఎత్తున్న మాటర్‌హార్న్ శిఖరం కింద ఉంది. ఈ రెండింటినీ కలుపుతూ, కనుమలు, హిమానీనదాల మీదుగా వంద కిలోమీటర్లకు పైగా సాగే ఎత్తైన మార్గాన్ని 1860 దశకంలో ఆంగ్ల పర్వతారోహకులు వేసవి నడకకోసం కనిపెట్టారు. 'ఎత్తు దారి' అని వారు పెట్టిన పేరే ఫ్రెంచిలోకి మారి 'ఓత్ రూట్' అయింది. 1911లో దీనిని స్కీలపై పూర్తిచేశారు. ఇప్పుడు మిత్రబృందాలు దీనిని ఆరేడు రోజుల్లో దాటుతుంటాయి. రాత్రుళ్లు తలదాచుకోవడానికి దారి పొడవునా కొండ బసలు ఉన్నాయి. అవి రాతితోనో చెక్కతోనో కట్టిన ఇళ్లు. అక్కడ వేడి భోజనం, వరుసగా పరచిన పడకలు దొరుకుతాయి. ప్రతి బసలోనూ ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవారు తమ పేర్లతోపాటు మర్నాడు ఎటు పోతున్నదీ అందులో రాయాలి. ఎవరైనా చేరవలసిన చోటికి చేరకపోతే వెదకడానికి ఆ రాత ఆధారమవుతుంది.

ఈ పర్యటనకు అనువైన కాలం మార్చి నడిమి నుంచి మే మొదటి రోజుల వరకు. మన లోగిళ్లలో ఉగాది పచ్చడి కలిపే రోజులవి. మామిడి పిందెలు కాయలవుతూ, ఎండ చురుక్కుమనే ఆ రోజుల్లో ఆల్ప్స్ పైభాగాన ఇంకా మనిషి ఎత్తుకు మించి మంచు ఉంటుంది. నడి శీతాకాలంలో కూడా మంచు సమృద్ధిగానే ఉంటుంది గదా, వసంతందాకా ఆగడం దేనికి?

దీనికి జవాబు మంచు లోపలి నిర్మాణంలో ఉంది. శీతాకాలమంతా మంచు ఒకేసారి కురవదు. విడతలు విడతలుగా కురిసి, పొర మీద పొరగా పేరుకుంటుంది. పాత ఇంటి గోడను గీకితే ఏ సంవత్సరపు సున్నం పొర ఆ సంవత్సరానిదిగా బయటపడినట్లు, మంచును నిలువుగా తవ్వితే ఏ తుపానులో కురిసిన పొర ఆ పొరగా కనిపిస్తుంది. ఈ పొరలన్నీ ఒకదానిని ఒకటి గట్టిగా పట్టుకొని ఉంటే ప్రమాదం లేదు. కాని తీవ్రమైన చలిలో కొన్ని పొరల స్ఫటికాలు మారిపోయి చక్కెర పలుకుల్లా విడివిడిగా తయారవుతాయి. అవి ఒకదానికొకటి అంటుకోవు. అలాంటి గుల్లపొర మీద బరువైన పలకలాంటి పొర నిలిచి ఉంటే, దాని మీద మనిషి అడుగు పెట్టగానే అది అద్దంలా పగిలి కిందికి జారుతుంది. అదే మంచుచరియ.

వసంతంలో ఎండ పెరిగినకొద్దీ ఈ స్థితి మారుతుంది. పగలు పై మంచు కరిగి, ఆ నీరు లోపలికి ఇంకుతుంది. రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి కరిగి, గడ్డకట్టి, విడి స్ఫటికాలు గుండ్రని గింజలుగా మారి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. కొత్తగా కురిసిన మంచు ఒక ఘనపు మీటరు సుమారు 100 కిలోల బరువుంటే, వసంతంలో కుదించుకుపోయిన మంచు 400 నుంచి 500 కిలోల దాకా తూగుతుంది. రాత్రంతా గడ్డకట్టిన ఆ మంచు తెల్లవారేసరికి సిమెంటు చేసిన నేలలా ఉంటుంది. దాని మీద నడవడం శీతాకాలపు గుల్లమంచు మీద నడవడం కంటే చాలావరకు క్షేమం.

కాని ఆ క్షేమానికి గడువు ఉంది. సూర్యుడు పైకి వచ్చాక మొదట ఒకటి రెండు సెంటీమీటర్ల మేర పైపొర మెత్తబడుతుంది. కింద గట్టి, పైన మెత్తన. అదే మంచు పదును. ఆ వేళ స్కీ వెన్న మీద కత్తిలా సాగుతుంది. మరికొంతసేపటికి ఎండ లోతుకు దిగుతుంది. గింజల మధ్య పట్టు వదులవుతుంది. నీరు లోపలి పొరల మధ్య చేరుతుంది. మధ్యాహ్నానికి అదే వాలు తడిసిన మంచుచరియగా మారి కిందికి జారవచ్చు. ఉదయం 9 గంటలకు పిల్లలు ఆడుకోదగ్గ వాలు, మధ్యాహ్నం 1 గంటకు ప్రాణాంతకం కావచ్చు.

అన్ని వాలులూ ఒకే గడియారాన్ని అనుసరించవు. తూర్పు ముఖంగా ఉన్న వాలుకు ఎండ ముందు తగులుతుంది కనుక దాని పదును ముందు వచ్చి ముందు పోతుంది. తరువాత దక్షిణపు వాలు, ఆ తరువాత పడమటి వాలు. ఉత్తరపు వాలుకు ఎండ తక్కువ. అక్కడ శీతాకాలపు గుల్లపొరలు వసంతంలో కూడా దాగి ఉండవచ్చు. అందుకే అనుభవజ్ఞులు పటం ముందు పెట్టుకొని, ఏ వాలుపై ఏ గంటకు ఉండాలో ముందురోజు సాయంత్రమే లెక్క వేసుకుంటారు.

రాత్రి ఆకాశం కూడా ఈ లెక్కలో భాగమే. మబ్బులేని రాత్రి మన పొలాల్లో గడ్డి మీద మంచుబొట్లు ఎక్కువగా నిలుస్తాయి. నేల తనలోని వేడిని ఆకాశంలోకి వదిలి బాగా చల్లబడడమే దానికి కారణం. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి దుప్పటి కింద నిలిచినట్లు నిలిచిపోతుంది. కొండ మీద కూడా ఇదే సూత్రం. చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి మంచు చక్కగా గడ్డకడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి గడ్డకట్టదు. తెల్లవారుజామున బస తలుపు తీసి కాలితో తొక్కి చూసినప్పుడు బూటు దిగబడితే, ఆ రోజు ప్రయాణం మానుకోవలసిందే. ఆకాశం ఎంత అందంగా ఉన్నా సరే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

అన్నీ అనుకూలించిన రోజున పని ఇలా సాగుతుంది. తెల్లవారుజామున 3, 4 గంటలకే లేచి, రొట్టె, టీ తీసుకొని, నుదుటికి దీపాలు కట్టుకొని బయలుదేరుతారు. హిమానీనదాల మీద మంచు కప్పిన లోతైన బీటలు ఉంటాయి. వాటిపై వంతెనలా నిలిచిన మంచు చలిలో గట్టిగా ఉంటుంది. ఎండకు మెత్తబడుతుంది. అందుకని అలాంటి చోట ఒకరికొకరు తాడు కట్టుకొని వేకువనే దాటుతారు. తెల్లని మంచు తన మీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్లకు పైగా తిప్పికొడుతుంది. నల్లకళ్లద్దాలు లేకపోతే కొద్ది గంటల్లోనే కళ్లు మండి, చూపు తాత్కాలికంగా పోతుంది. శిఖరం చేరినా చేరకపోయినా వెనుదిరగవలసిన గంట ఒకటి ముందే నిర్ణయించుకుంటారు. ఎండ ముదరకముందే మరుసటి బస చేరి, తడిసిన బూట్లు ఆరబెట్టుకుంటారు.

మంచుచరియ ఎంతటి శక్తి గలదో ఒక చిన్న లెక్క చెబుతుంది. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న మంచుపలక విరిగిందనుకుందాం. దాని ఘనపరిమాణం 1,250 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 200 కిలోల చొప్పున చూసినా అది 250 టన్నులు. అంటే 10 టన్నుల లారీలు 25 ఒక్కసారిగా మీద పడినట్లు. కొండల్లో ఇది పెద్ద చరియ కింద లెక్క కాదు.

ఇవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుపై విరుగుతాయి. అంతకంటే తక్కువ వాలుపై మంచు సాధారణంగా నిలుస్తుంది. అంతకంటే నిటారైన చోట నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. విచారకరమైన విషయం ఏమంటే, స్కీ పర్యటకులను పొట్టనబెట్టుకున్న చరియలలో అత్యధికం తమంతట తాము విరిగినవి కావు. ఆ మనిషి బరువుకో, అతని తోటివారి బరువుకో విరిగినవి. 'దిగితేగాని లోతు తెలియదు' అనే సామెత ఏటి విషయంలో చెల్లుతుందేమో గాని, ఇక్కడ చెల్లదు. దిగకముందే లోతు తెలుసుకోవాలి.

అందుకు సాయపడే సంస్థలు ఉన్నాయి. స్విట్జర్లాండులో 1936లో దావోస్ పైనున్న కొండపై శాస్త్రజ్ఞులు మంచు పరిశోధన ప్రారంభించారు. అక్కడి మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ ఈనాడు ప్రతిరోజూ చరియల హెచ్చరికను వెలువరిస్తుంది. ఐరోపా దేశాలన్నీ 1993లో ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెబుతారు. 1 అంటే స్వల్పం, 5 అంటే అతి తీవ్రం. 3వ మెట్టు నాడు ప్రాణనష్టం ఎక్కువగా జరుగుతుంది. 4, 5 మెట్లనాడు జనం భయపడి బయటికి వెళ్లరు. 3 అనగానే 'మధ్యస్థమే గదా' అని బయలుదేరుతారు.

మన దేశంలో కూడా ఇలాంటి కృషి ఉంది. కాశ్మీరులోని గుల్‌మార్గ్, హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ లోయ స్కీ శిక్షణకు పేరుపొందాయి. హిమాలయాల్లో కాపలా కాసే సైనికుల రక్షణకోసం 1969లో మనాలిలో మంచుచరియల అధ్యయన సంస్థ ఏర్పడింది. 2020లో దానిని మరొక సంస్థతో కలిపి, రక్షణశాఖ భూసమాచార పరిశోధన సంస్థగా మార్చారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కొక్కప్పుడు చరియ విరుగుతుంది. అప్పుడు మిత్రుల అవసరం తెలుస్తుంది. జారి ఆగిన మంచు క్షణాల్లో బిగుసుకుపోతుంది. అందులో కూరుకుపోయినవాడు తన వేలు కూడా కదపలేడు. తనను తాను తవ్వుకొని బయటపడడం సాధారణంగా అసాధ్యం. స్విట్జర్లాండులో జరిగిన ప్రమాదాల లెక్కలను బట్టి, పూర్తిగా పూడుకుపోయినవారిని 10 నిమిషాలలోపు బయటికి తీస్తే 10 మందిలో 9 మంది బతుకుతున్నారు. అరగంట గడిచేసరికి ఆ సంఖ్య ముగ్గురికి పడిపోతుంది. సహాయక దళం హెలికాప్టరులో వచ్చేసరికి ఈ గడువు తరచుగా దాటిపోతుంది. 'ఆలస్యం అమృతం విషం' అన్న మాట ఇంత కచ్చితంగా వర్తించే చోటు మరొకటి ఉండదు.

అందువల్ల బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు తప్పక ఉండాలి. మొదటిది, ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పరికరం. అది ఎల్లవేళలా 457 కిలోహెర్ట్జ్ తరంగంపై సంకేతం పంపుతూ ఉంటుంది. ప్రమాదం జరిగితే మిగిలినవారు తమ పరికరాలను వినే స్థితికి మార్చి, ఆ సంకేతం ఎటునుంచి వస్తోందో వెదుకుతారు. రెండవది, మడతపెట్టే పొడవాటి కడ్డీ. దానిని మంచులోకి గుచ్చి మనిషి తగిలిన చోటు తెలుసుకుంటారు. మూడవది పార. ఒక మీటరు లోతున ఉన్న మనిషిని తీయడానికి టన్ను దాకా మంచును తోడవలసి ఉంటుంది.

ఈ ఏర్పాటులో ఒక విశేషం ఉంది. ఒకడు తన రక్షణకోసం ఎంత ఖరీదైన పరికరం కొనుక్కున్నా, అది అతనిని కాపాడలేదు. అతని పార, అతని కడ్డీ అతని స్నేహితుడికోసం. స్నేహితుడి పార అతనికోసం. కనుకనే బయలుదేరే ముందు బస వాకిట్లో నిలబడి, ఒకరి పరికరం పనిచేస్తున్నదో లేదో మరొకరు పరీక్షిస్తారు. అనుమానమున్న వాలును అందరూ కలిసి దాటరు. ఒక్కొక్కరుగా దాటుతారు. మిగిలినవారు క్షేమమైన చోట నిలబడి ఆ ఒక్కరినీ కళ్లార్పకుండా చూస్తుంటారు.

స్నేహం ప్రాణం నిలుపుతుంది. అయితే అదే స్నేహం ఒక్కొక్కప్పుడు ప్రమాదంలోకి తోస్తుంది కూడా. ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికా పరిశోధకుడు వందలాది చరియ ప్రమాదాలను పరిశీలించి, 2002లో తన ఫలితాలను ప్రకటించాడు. చరియల గురించి చదువుకున్నవారు కూడా, ఎదుట ప్రమాద చిహ్నాలు కనిపిస్తున్నా ముందుకు పోయిన సందర్భాలు ఎన్నో ఆయనకు కనిపించాయి. అందుకు కారణాలు మనకూ తెలియనివి కావు. తెలిసిన దారే గదా అనే ధీమా. ఇంత దూరం వచ్చాక వెనక్కు పోవడమా అనే పట్టుదల. నలుగురిలో పిరికివాడనిపించుకోవడం ఇష్టం లేకపోవడం. ముందు నడిచే అనుభవజ్ఞుడు చూసుకుంటాడులే అనే భరోసా. మరొకరి అడుగుజాడలు కనిపిస్తే అది క్షేమమైన దారే అనుకోవడం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్లు, గుంపు పెరిగినకొద్దీ ఎవరి బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఇందుకు విరుగుడుగా మంచి బృందాలు ఒక నియమం పెట్టుకుంటాయి. బృందంలో ఏ ఒక్కరు 'నాకు భయంగా ఉంది, వెనక్కు పోదాం' అన్నా అందరూ ఆగాలి. అన్నవారు కొత్తవారు కావచ్చు, వయసులో చిన్నవారు కావచ్చు. కారణం సరిగా చెప్పలేకపోవచ్చు. అయినా ఆ మాట వినాలి. ఎగతాళి చేయరాదు. ఎందుకంటే ఒకసారి నవ్వులపాలైనవాడు రెండవసారి నిజమైన ప్రమాదం కనిపించినప్పుడు కూడా నోరు మెదపడు.

ఆకాశం తిరగబడితే ఎంతటి విషాదం జరుగుతుందో 2018లో లోకం చూసింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 29న ఓత్ రూట్ దారిలో, పీన్ దరోలా శిఖరం సమీపాన, 14 మంది పర్యటకులు తుపానులో చిక్కుకున్నారు. ఈదురుగాలి, దట్టమైన మంచుతెర. చేతి దూరంలోనిది కూడా కనపడని స్థితి. బసను వెదుకుతూ వెదుకుతూ వారు రాత్రంతా ఆరుబయట గడిపారు. తెల్లవారాక సహాయకులు వచ్చారు. ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వారు చేరవలసిన వినెట్ బస అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉంది. వారిని మంచుచరియ ముంచలేదు. వాతావరణం అదను దాటింది, అంతే.

కొండల అదనే ఇప్పుడు మారిపోతున్నది. భూగోళం వేడెక్కుతుండడంతో స్విట్జర్లాండు హిమానీనదాలు 2022, 2023 రెండు సంవత్సరాల్లోనే తమ మంచులో పదోవంతు కోల్పోయాయి. ఒకప్పుడు హిమానీనదం పై నుంచి నేరుగా కాలుపెట్టిన కనుమలు ఇప్పుడు ఎత్తైన రాతిగోడల పైన మిగిలిపోయాయి. పాత పుస్తకాల్లో రాసిన దారులను, గంటలను గుడ్డిగా నమ్మడానికి లేదు. ఏ ఏటికి ఆ ఏడు, ఏ రోజుకు ఆ రోజు చూసుకోవలసిందే.

మంచుకొండలను ఎన్నడూ చూడని పిల్లలకు కూడా ఇందులో పరిచయమైన విషయం ఒకటుంది. పదును లేని నేలలో విత్తనం చల్లమని ఎవరు బలవంతపెట్టినా రైతు చల్లడు. పొరుగువాడు విత్తుతున్నాడని తొందరపడడు. గట్టున కూర్చుని ఆకాశం చూస్తాడు, పిడికిట్లో మట్టి తీసి నలిపి చూస్తాడు. అతనిని ఎవరూ పిరికివాడనరు, తెలిసినవాడంటారు. తెల్లవారుజామున బస వాకిట్లో బూటుతో మంచును తొక్కి చూసి, 'ఈరోజు వద్దు' అని మిత్రులతో చెప్పగలిగిన వ్యక్తి కూడా అలాంటి తెలిసినవాడే. అతని మాట విని, అలిగి కూర్చోకుండా, మరొక కప్పు టీ పోసుకొని మర్నాటికోసం పటం విప్పేవారు అతనికి తగిన మిత్రులు.